రెండు కొండలూ ఒక నీళ్ళ ట్యాంకూ

బ్నీద్ అల్ గార్,
కువైట్, 1990 మే 18, శుక్రవారం

అక్కకు,

నీ తమ్ముడు బాగానే ఉన్నాడు. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతా కాగితమంతా తిట్టుకోవడానికి మిగులుతుంది.

షర్క్‌లో మా బోర్డుల షాపు పని మామూలే. అక్షరాలు కత్తిరించిన రేకు ఒకటి మా మేనేజరు, ఇక్కడి మాటలో ముదీర్, చేతికిస్తాడు, నేను దానిమీద రంగు పులమాలి. డ్రాయింగ్ పరీక్ష హయ్యర్ గ్రేడ్ పాసై, టీచరు ఉద్యోగం కోసం ఆరేళ్ళు ఆఫీసుల మెట్లు అరగదీసి, చివరికి నాకు చదవడం రాని అరబ్బీ అక్షరాలకు రంగు వేస్తున్నాను. నిన్న ఒక రేకు తలకిందులుగా పెట్టి సగం బోర్డు పూర్తి చేశాను. దారిన పోయే ఈజిప్టు మిస్రీ ఒకాయన నిలబడి నవ్వేదాకా నాకు తెలియనే లేదు.

అసలు సంగతి అది కాదు. 'పిల్లలకు చిత్రలేఖనం నేర్పబడును' అని కిరాణా కొట్టు తలుపుకు నేను కాగితం అంటిస్తే నువ్వు నవ్వావు చూడు, ఇప్పుడు నలుగురు పిల్లలు వచ్చారు. గంగాధర గారని మా బిల్డింగులోనే ఉంటారు, వాళ్ళ హాలు ఇచ్చారు. శుక్రవారం పొద్దున రెండు గంటలు క్లాసు. నలుగురిలో వర్ష అనే పదేళ్ళ పిల్ల మీ ఫింటాస్ నుంచే వస్తుంది. వాళ్ళ నాన్న సుబ్రహ్మణ్యం గారు ఇంజనీరు, విజయవాడ వాళ్ళు. ఆయన పై ఫ్లాటులో పేకాడుకునేంతసేపు పిల్లను నా దగ్గర వదిలిపెడతాడు. గుర్తులు చెబుతుంటే తెలిసింది, వాళ్ళది నువ్వు పనిచేసే ఇంటామె, మీ మామా ఇంటికి సరిగ్గా ఎదురు బిల్డింగే.

మొదటిరోజు మీకు నచ్చింది గీయండి అన్నాను. నలుగురూ ఒకే బొమ్మ గీశారు. రెండు కొండలు, వాటి మధ్య సూర్యుడు, కిందికి ఒక ఏరు, ఏటి పక్కన గుడిసె, రెండు కొబ్బరిచెట్లు, ఆకాశంలో టిక్కు మార్కుల్లాంటి పక్షులు. అక్కా, ఈ పిల్లలు కువైట్‌లో పుట్టారు. కొండ చూడలేదు, ఏరు చూడలేదు, గుడిసె అసలే చూడలేదు. మన నందలూరు చుట్టూ ఇన్ని కొండలున్నాయి కదా, ఒక్కటైనా అలా సమోసాలాగా ఉందా? ఎవరు నేర్పారమ్మా అంటే స్కూల్లో మిస్ నేర్పిందన్నారు. సుబ్రహ్మణ్యం గారు దిగివచ్చి చూసి, బాగానే వచ్చింది కదా మాస్టారూ, ఇంక నేర్పేదేముంది అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. కిటికీ బయట సముద్రం ఉంది, నీళ్ళ టవర్లు ఉన్నాయి, మేడ మీద చొక్కాలు ఎగురుతున్నాయి. ఒక్కరూ తల తిప్పి చూడలేదు.

అందుకని రూలు పెట్టాను. కళ్ళతో చూసింది తప్ప ఏదీ గీయకూడదు. గీశాక కింద చోటూ తేదీ రాయాలి. పదిమంది పిల్లల కళ్ళు తెరిపించినా చాలు, ఈ రేకుల బతుకు భరిస్తాను.

నువ్వు కూడా ఒకటి గీసి పంపు. గిన్నెనో చీపురునో, నీ కంటి ముందు ఉన్నది ఏదైనా సరే. సుభాన్ అన్న చేపలకోసం షర్క్ వచ్చినప్పుడు ఇచ్చి పంపు.

మునీంద్ర


ఫింటాస్,
మే 31

మునీంద్రకు,

మా డ్రైవరు సుభాన్ నీ ఉత్తరాన్ని చేపల బుట్టలో పెట్టుకొచ్చాడు. చదువుతున్నంతసేపూ జుబైదీ చేప వాసనే. నీ బాధలు కూడా ఆ వాసనతోనే చదువుకున్నాను.

నన్ను బొమ్మ గీయమంటావా? పొద్దున లేస్తే మామాకు, వాళ్ళ ముసలాయనకు, ఇద్దరు ఆడపిల్లలకు వండాల, రెండు అంతస్తులు తుడవాల, ఇస్త్రీ చేసిన బట్టలే మళ్ళీ ఇస్త్రీ చేయాల. ఏడో తరగతి చదివిన దాన్ని, ఈ ఉత్తరం రాసేసరికే వేళ్ళు నొప్పి పుట్టినాయి. గిన్నె గీసేంత తీరిక ఉంటే ఆ గిన్నె తోమేసి కాసేపు నడుం వాలుస్తాను.

ఒక మాట గట్టిగా చెబుతున్నా. శుక్రవారం నీ ఇష్టం. మిగతా రోజుల్లో బొమ్మలంటూ పని ఎగ్గొట్టావని తెలిసిందో, నీకు వీసా ఇచ్చిన కఫీల్ కంటే ముందు నేనే వచ్చి నీ చెవి పట్టుకుంటాను. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు మీద నీ పని పెయింటరని ఉంది, మాస్టరని లేదు.

నీ వర్షను చూశాను. రెండో అంతస్తు కిటికీలో గడ్డం కింద చేతులు పెట్టుకుని మా ఇంటివైపే చూస్తూ ఉండే పిల్ల ఒకటుంది. ఇన్నాళ్ళూ దిష్టి పెడుతోందనుకున్నా. నిన్న మిద్దె మీద నేను బట్టలు ఆరేస్తుంటే చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. చూడమని నువ్వే చెప్పావంట కదా, చూడనీ.

అక్క రమణి


బ్నీద్ అల్ గార్,
ఆగస్టు 24

అక్కకు,

సుభాన్ అన్న గోధుమపిండి వెతుక్కుంటూ ఇటు వచ్చాడు. నువ్వు క్షేమమని ఆయన నోట విన్నాక గానీ నాకు అన్నం దిగలేదు.

ఇరాక్ వాళ్ళు వచ్చిన రోజే మా షాపు అద్దాలు పోయాయి. మరునాటికి లోపల ఏమీ మిగల్లేదు. ముదీర్ ఎటు పోయాడో తెలియదు. దోచుకున్నవాళ్ళు బిల్లు పుస్తకాలు మాత్రం వదిలేస్తే వాటిని నేను మోసుకొచ్చాను. ఎందుకో చెబితే తిడతావు.

బడులు లేవు. మన భారతీయులు ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఈ బిల్డింగులోనే ఒకరికి ఒకరు తోడుగా ఉంటున్నారు. సుబ్రహ్మణ్యం గారు, ఆయన భార్య రాజ్యశ్రీ గారు, వర్ష కూడా పదిహేనో తేదీన ఫింటాస్ ఖాళీ చేసి గంగాధర గారింటికి వచ్చేశారు. పెద్దవాళ్ళు రేడియో ముందు కూర్చుంటారు, పిల్లలు వాళ్ళ కాళ్ళకు అడ్డం పడతారు. 'మాస్టారూ, మీ క్లాసేదో రోజూ పెట్టండి' అని ఇప్పుడు వాళ్ళే బతిమాలుతున్నారు. కింది సెల్లార్‌లో పదకొండు మంది. బిల్లుల వెనక తెల్లగానే ఉంటుంది కదా, దానిమీదే గీయిస్తున్నాను.

చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ చెబుతున్నా. నా జన్మలో ఇంత సంతోషంగా ఎప్పుడూ లేను. ఊరంతా ఏడుస్తుంటే నాకు నా క్లాసు దొరికింది. పిల్లలు చూడ్డం మొదలుపెట్టారక్కా. బూట్లు తలకింద పెట్టుకుని రోడ్డు మీద నిద్రపోతున్న సిపాయిని ఒకడు గీశాడు. ఖుబ్బూస్ రొట్టెల లైనులో మనుషులకు బదులు వరసగా నిలబెట్టిన చెప్పులను ఒకమ్మాయి గీసింది. ట్రక్కులో మంగలి కుర్చీ ఎక్కించుకుపోతున్నారని ఇంకొకడు. రెండు కొండలు ఖలాస్.

అందరికంటే వర్ష. పాత ఇంటి కిటికీలోంచి చూసింది గుర్తుతెచ్చుకుని గీయమంటే మూడురోజులు కూర్చుని గీసింది. అది మీ ఇల్లే. నల్ల గేటు, విరిగిన ఆకుల ఖర్జూరం చెట్టు, మూలన తెల్ల కారు, మిద్దె మీద నువ్వు బట్టలారేసే తీగలు. ఆ తీగల వెనక నీళ్ళ ట్యాంకు, దాని చాటున ఒక మనిషి చొక్కా లేకుండా కూర్చుని సిగరెట్టు తాగుతున్నాడు. చెయ్యి మోకాలి మీద ఎలా వాలిందో చూస్తే నువ్వు నమ్మవు, అలా గీయడం పెద్దవాళ్ళకే రాదు. రోజూ తెల్లవారగానే వచ్చి కూర్చునేవాడంట. మీ ఇంట్లో ముసలాయన తప్ప మగవాళ్ళు లేరు కదా, ఎవరతను?

మెట్ల దగ్గర తాడు కట్టి బొమ్మలన్నీ బట్టల క్లిప్పులతో తగిలించాను. వర్షది అన్నిటికంటే ముందు. మొన్న నీళ్ళకు వచ్చిన సిపాయి కూడా నిలబడి చూశాడు. నిద్రపోతున్న సిపాయి బొమ్మ చూసి పడీ పడీ నవ్వి, మా ఆఫీసరుకు చూపిస్తానన్నాడు. భయపడకు, చోటూ పేరూ అన్నీ తెలుగులోనే రాయించాను. వాళ్ళకు తెలుగు రాదు కదా.

నీ బొమ్మ ఇంకా రాలేదు.

మునీంద్ర


ఫింటాస్,
ఆగస్టు 25

మునీంద్రా,

ఆ పిల్ల బొమ్మ తీసెయ్. ఈ ఉత్తరం ఇక్కడే ఆపి, మెట్ల దగ్గరికి పోయి తీసేసి, వచ్చి మిగతాది చదువు.

తీశావా? ఇప్పుడు విను. వీధుల పేర్లు, ఇళ్ళ నంబర్లు జనం ఎందుకు పీకేశారో నీకు తెలియదా? బోర్డులు రాసేవాడివి, ఊళ్ళో బోర్డులన్నీ మాయమైతే ఎందుకని అనుకోలేదా? ఎవరి ఇల్లు ఎక్కడుందో ఇరాక్ వాళ్ళకు తెలియకూడదని మా మామా లాంటి ఆడవాళ్ళు కూడా నిచ్చెనలెక్కి నంబర్లకు రంగు పూశారు. నువ్వేమో గేటు, చెట్టు, కారు, మిద్దె అన్నీ గీయించి మెట్ల దగ్గర తగిలించావు. తెలుగులో రాయించానని ధీమా ఒకటి. బొమ్మకు తెలుగు కావాల్నా? చూసేవానికి కళ్ళుంటే చాలు. ఎట్లా చూడాలో నేర్పేవానికి ఆ మాత్రం తెలియదా?

ట్యాంకు వెనక ఎవరూ లేరు. ఆ పిల్లను కూడా అట్లే చెప్పమను. నన్ను ఇంకోసారి అడగొద్దు.

బొమ్మ దాచిపెట్టుకోవద్దు. నీ సంగతి నాకు తెలుసు, మడిచి పెట్టెలో పెడతావు. కాల్చెయ్. మిగతావి కూడా కాల్చెయ్. సుభాన్ దీనికోసమే మూడు చెక్‌పోస్టులు దాటుకుని వస్తున్నాడు, ఆయన ముందే కాల్చు. కాల్చింది ఆయన కళ్ళారా చూసి వచ్చి చెబితే గానీ నేను స్థిమితంగా ఉండలేను.

రమణి


బ్నీద్ అల్ గార్,
సెప్టెంబర్ 7

అక్కకు,

కాల్చానని సుభాన్ అన్న చెప్పే ఉంటాడు. మిగతాది ఆయనకు తెలియదు.

ఆయన వెళ్ళాక గంగాధర గారు ఖాళీ తాడు చూసి కంగారుపడ్డారు. సిపాయి ఆఫీసరును తెస్తానని పోయాడు, వచ్చేసరికి ఒక్క బొమ్మ లేకపోతే ఏదో దాచామనుకుంటారు, బిల్డింగంతా వెతుకుతారు అన్నారు. నిజమే. తాడు నింపాలి. దేనితో నింపాలి? వీళ్ళు చూసిందేది గీసినా ప్రమాదమే. రోడ్డు గీసినా, మేడ గీసినా, మనిషిని గీసినా.

పిల్లలందరినీ కూర్చోబెట్టి చెప్పాను. రెండు కొండలు గీయండి, మధ్యలో సూర్యుడు, ఏరు, గుడిసె, కొబ్బరిచెట్లు. నా నోటితో నేనే చెప్పాను అక్కా. పదిమంది హాయిగా గీసేశారు, వాళ్ళకది చేతికి వచ్చిన బొమ్మే కదా. వర్ష మాత్రం పెన్సిలు పట్టుకోలేదు.

"చూడంది గీయకూడదని మీరే కదండీ అన్నారు," అంది.

ఈ ఒక్కసారికి గీయమ్మా అన్నాను. ఎందుకని అడిగింది. ఏం చెప్పను? ట్యాంకు వెనక మనిషి లేడని చెప్పాలి, అంతకు ముందు నువ్వు బాగా చూశావమ్మా అని మెచ్చుకున్నది నేనే.

"నేను చూశాను మాస్టారూ. రోజూ చూశాను."

లేడు, నువ్వు పొరబడ్డావు అన్నాను. ఆ పిల్ల ఏడవలేదు. నన్ను అలాగే చూస్తూ ఉండిపోయింది. చివరికి దాని చెయ్యి నా చేతిలోకి తీసుకుని, ఒకటో తరగతి పిల్లకు అక్షరాలు దిద్దించినట్టు, ఆ రెండు కొండలు నేనే గీయించాను. పిల్లల చెయ్యి పట్టుకుని గీయించే మాస్టర్లను నేను ఎంత తిట్టేవాడినో నీకు తెలుసు.

ఆఫీసరు మూడోరోజు వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని తాడు పొడవునా నడిచాడు. సిపాయి బొమ్మ ఏదని అడిగాడు. గ్యాసు లేక వంటకు కాగితాలన్నీ కాల్చుకున్నామని గంగాధర గారు ఉర్దూలో, ఇంగ్లీషులో, చేతులతో చెప్పారు. మెట్ల మీద ఒక పిల్లను ఆపి, ఇవి కాక ఇంకేం గీశారని అడిగాడు. ఆపింది వర్షనే. అది నావైపు చూడకుండా, ఇవే, మాకు ఇవే వచ్చు అని ఇంగ్లీషులో చెప్పింది. ఆయన నవ్వి, మా అమ్మాయి కూడా అచ్చం ఇదే గీస్తుంది, కొబ్బరికి బదులు ఖర్జూరం పెడుతుంది అంతే అన్నాడు. వర్ష పేరుతో ఉన్న బొమ్మ తీసి మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మంచే జరిగింది. నువ్వేమీ చెప్పకపోయినా నాకంతా అర్థమైంది. అయినా నామీద నాకు అసహ్యంగా ఉంది. ఆ రోజునుంచి వర్ష క్లాసుకు రావడం లేదు. మిగతావాళ్ళు వస్తున్నారు గానీ ఏం గీయమంటారని అడుగుతున్నారు.

మునీంద్ర


ఫింటాస్,
సెప్టెంబర్ 22

మునీంద్రకు,

నువ్వు చేసింది తప్పు కాదు. ఇట్లా నేను నిన్ను మెచ్చుకోవడం ఇదే మొదటిసారి, దాచిపెట్టుకో.

బస్సులు పెడుతున్నారని, బస్రా మీదుగా జోర్డాన్ పోయి అక్కడి నుంచి విమానమని సుభాన్ చెప్పాడు. సుబ్రహ్మణ్యం గారి వాళ్ళతో నువ్వూ ఎక్కు. మారుమాట వద్దు. నేను రావడం లేదు. మామా నా పాస్‌పోర్టు నా చేతికిచ్చి, వెళ్ళిపో రమణీ, నీ ప్రాణం నువ్వు దక్కించుకో అంది. ఎనిమిదేళ్ళలో ఆ యమ్మ నన్ను పేరుపెట్టి పిలిచింది ఇదే. పాస్‌పోర్టు మళ్ళీ ఆమె బీరువాలోనే పెట్టేసినా.

సిపాయిలు వచ్చి తలుపు కొడుతున్నారు మునీంద్రా. ఇప్పటికి రెండుసార్లు వచ్చారు. ఇంటామె తలుపు తీస్తే వంద ప్రశ్నలు వేస్తారు. చీపురు చేతిలో పట్టుకుని నేను తీస్తే, నాకు అరబ్బీ సగమే వచ్చినట్టు నటిస్తే, లోపలికి ఒకసారి చూసి పోతారు. ఈ తలుపు దగ్గర పనిమనిషి ఉండాల. అమ్మతో మాత్రం ఓడలో చోటు దొరికాక వస్తుందని చెప్పు.

ఎదురు బిల్డింగులో ఆ కిటికీ ఖాళీ. మొన్న బట్టలు ఆరేస్తూ అలవాటు కొద్దీ చెయ్యెత్తినా.

అక్క


నందలూరు,
నవంబర్ 11

అక్కకు,

కువైట్‌కు టపా లేదు, ఉత్తరాలు తీసుకోలేమని పోస్టాఫీసులో చెప్పేశారు. అయినా రాస్తున్నాను. ఎవరైనా తిరిగి అటు పోయేదాకా పెట్టెలో ఉంటుంది.

అమ్మకు నువ్వు చెప్పమన్నదే చెప్పాను. నమ్మినట్టు కనిపిస్తోంది. రోజూ రేడియో దగ్గర కూర్చుంటుంది కాబట్టి నమ్మలేదనే అనుకుంటున్నా.

బస్సులో నాలుగురోజులు. జోర్డాన్ దగ్గర ఎడారిలో గుడారాలు వేశారు, అక్కడ ఆరురోజులు. నీళ్ళకు లైను, రొట్టెకు లైను, పేరు రాయించుకోవడానికి లైను. చుట్టూ ఎన్ని వేల మంది, ఎన్ని రకాల మూటలు, గుడారం తాళ్ళకు ఆరేసిన చీరలు, దుమ్ములో నిలబడి గడ్డం గీసుకునే మనుషులు. గీయడానికి ఇంతకంటే ఏం కావాలి? నా దగ్గర ఇంకా ఒక బిల్లు పుస్తకం మిగిలి ఉంది. వర్షకు ఇచ్చి, నీ కంటికి ఏది కనిపిస్తే అది గీయమ్మా, ఇక్కడ ఎవరూ ఏమీ అనరు అన్నాను. ఎంత ఆశతో ఇచ్చానో నీకెలా చెప్పను.

గంట తరువాత తెచ్చి చూపించింది. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఏరు, గుడిసె, కొబ్బరిచెట్లు. గీత ఎక్కడా వంకర పోలేదు.

"సరిగ్గా వచ్చిందా మాస్టారూ?" అని అడిగింది.

బాగుందన్నాను. ఇంకేమనను? వాళ్ళు బొంబాయి నుంచి విజయవాడ వెళ్ళిపోయారు. అడ్రసు మాత్రం రాయించుకున్నాను.

ఇక్కడి హైస్కూలు హెడ్‌మాస్టరు పిలిచి, సాయంత్రాలు పిల్లలకు బొమ్మలు నేర్పుతావా అని అడిగాడు. ఆరేళ్ళు ఈ మాటకోసమే తిరిగాను. రానన్నాను. రాజంపేటలో గోడలకు సిమెంటు కంపెనీ పేర్లు రాస్తున్నాను. ఇక్కడ రేకు కూడా అక్కర్లేదు, అక్షరాలు నాకు వచ్చినవే. కళ్ళు తెరవండని చెప్పి, తెరిచిన కళ్ళను నా చేత్తోనే మూశాను. ఇంకొక పిల్లకు అలా చేసే ఓపిక నాకు లేదు. బొమ్మల మాట ఇక ఎత్తకు.

నువ్వు ఎలా ఉన్నావో తెలిస్తే చాలు.

మునీంద్ర


ఫింటాస్,
1991 మే 20

మునీంద్రకు,

నవంబర్‌లో నువ్వు రాసింది ఇప్పుడు చేరింది. కడప నుంచి తిరిగొచ్చిన ఒకాయన సుభాన్‌కు ఇచ్చాడు. ఈసారి చేపల వాసన లేదు. ఊరంతా నూనె బావుల పొగే, పగలు కూడా లైటు వేసుకుని వండుతున్నాను. ఉతికి ఆరేసిన బట్టలు నల్లగా దిగుతున్నాయి, తిరిగి ఉతుకుతున్నాను. నేను ఎట్లున్నానని అడిగావు కదా, అట్లున్నాను.

ఇప్పుడు చెప్పొచ్చు. ట్యాంకు వెనక ఉన్నది మా మామా తమ్ముడు. కువైట్ సైన్యంలో పనిచేసినోడు, ఇరాక్ వాళ్ళు వెతికే జాబితాలో పేరు ఉండింది. పగలంతా లోపల చీకటి గదిలో ఉండలేక తెల్లవారు జామున కాసేపు మిద్దెమీదికి పోయేవాడు. నీ ఉత్తరం వచ్చిన రోజే మామాకు చెప్పి, ఆ మిద్దె కూడా మాన్పించినా. మూడోసారి వచ్చినప్పుడు సిపాయిలు మిద్దె ఎక్కి ట్యాంకు చుట్టూ తిరిగి చూశారు. ఎవరూ లేరు. ఆ రోజు అతను అక్కడ కూర్చుని ఉంటే ఏమయ్యేదో నువ్వే చెప్పు. నిన్ను తిట్టి తీయించిన ఆ బొమ్మ, చివరికి చేసింది ఇది. ఆ పిల్ల చూడకపోతే, చూసింది చూసినట్టు గీయకపోతే, అతను కిటికీలకు కనిపిస్తున్నాడని మాకెవరికీ తట్టేది కాదు.

ఇదంతా అతనికి చెప్పినా. ఆ కాగితం నాకు కావాల అన్నాడు. మా తమ్ముడు కాల్చేశాడు, కాల్చమన్నది నేనే అన్నాను.

నాకు కోపం వచ్చింది మునీంద్రా. కాల్చమన్నందుకు నా మీద, చెయ్యి పట్టుకుని గీయించినందుకు నీ మీద, ఆ పిల్ల నోట 'మాకు ఇవే వచ్చు' అనిపించిన ఆ సిపాయిల మీద. ఆ కోపంలోనే పిండి సంచి కాగితం చింపి, మిద్దె మీదికి పోయి కూర్చున్నాను. మామా పిలిచినా దిగలేదు. నాలుగు రోజులు పట్టింది.

దీంతోపాటు పంపిస్తున్నాను. ట్యాంకు ఒకవైపు ఒరిగిపోయింది. మనిషి చెయ్యి కంటే సిగరెట్టు పెద్దదైంది, చీపురులాగా ఉందని సుభాన్ నవ్వాడు. నువ్వు దిద్దావంటే ఊరుకోను. ఎదురు కిటికీ కూడా గీసి, అందులో ఆ పిల్లను కూర్చోబెట్టినా. నేను చూసింది నాకు అట్లే కనిపించింది.

ఇది విజయవాడకు పంపు. నువ్వే తీసుకుపోయి ఇస్తే ఇంకా మంచిది, చేతుల్లో పెట్టి, నువ్వు పొరబడలేదమ్మా అని నీ నోటితోనే చెప్పు. అక్కడి నుంచి తిరిగొచ్చినాక హెడ్‌మాస్టరు దగ్గరికి పో. పోకపోతే నీ ఇష్టం, నీ ఈ కొత్త విద్యార్థికి నలభై ఏళ్ళు దగ్గర పడుతున్నాయి, ఇంకో మాస్టరును వెతుక్కునే ఓపిక నాకు లేదు.

నీ రూలు ప్రకారం కింద రాసినా, చదువు. 'ఫింటాస్, మిద్దె మీద. నీళ్ళ ట్యాంకు వెనక మా మామా తమ్ముడు. 1990 ఆగస్టు. ముందు చూసింది వర్ష, తరువాత గీసింది రమణి.'

అక్క